తార్నాకలో మా మేడం, ఎఫ్‌టీపీ రోజులు

మంగళవారం పొద్దున వరంగల్‌లో నేను పాఠాలు చెప్పే కాలేజీకి బయల్దేరుతుంటే యాదగిరి ఫోన్ చేశాడు. ఆ వేళప్పుడు అతను ఎన్నడూ చేయడు.

"ముందు నువ్వు కూసో," అన్నాడు. నేను నిలబడే ఉన్నాను. "మన మేడం పోయిండ్రు. నిద్రలనే పోయిండ్రంట. సార్ ఇప్పుడే చెప్పిండు."

ఫోన్‌లో అతని వెనక మల్కాజ్‌గిరి స్టేషన్ అనౌన్స్‌మెంట్ వినిపిస్తోంది. అతనే, "వరంగల్ల ఏది దొరికితే అది ఎక్కి రా, నేను తార్నాకల ఉంట," అని పెట్టేశాడు.

మేడం మా యూనివర్సిటీలో కంప్యూటర్ నెట్‌వర్క్స్ పాఠం చెప్పేవారు. తెనాలి వైపు నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడిన కుటుంబం. నేను జనగామ దగ్గరి పల్లె నుంచి వచ్చి లేడీస్ హాస్టల్లో ఉండి ఎంటెక్ చదివాను. యాదగిరి నా క్లాస్‌మేట్. మేం చదివింది తెలంగాణ ఉద్యమం క్యాంపస్‌ని ఊపేస్తున్న రోజుల్లో. అందుకే ఆవిడ గురించి చెప్పాలంటే ఆ రోజుల గురించి కూడా చెప్పాలి.

లైనక్స్ ల్యాబ్‌లో ఆవిడ మొట్టమొదట నేర్పింది ఎఫ్‌టీపీ. దూరాన ఎక్కడో ఉన్న కంప్యూటర్‌లోంచి ఫైళ్ళు మన కంప్యూటర్‌కి తెచ్చుకునే పాత పద్ధతి అది. బొమ్మలుండవు, బటన్లుండవు. నల్లటి తెర మీద ఒక్కో ఆదేశం టైపు చేయాలి. మాకు విసుగు పుట్టింది.

"మేడం, గివన్నీ ఇప్పుడు ఎవరు వాడుతుండ్రు? బ్రౌజర్ల క్లిక్ చేస్తే వస్తది గదా," అన్నాడు యాదగిరి.

"వస్తుంది నాయనా. రానప్పుడు ఎందుకు రాలేదో చెప్పేది మాత్రం ఇదే," అన్నారు మేడం.

అందరికీ తెరిచి ఉంచే సర్వర్లలోకి 'అనానిమస్' అనే పేరుతో వెళ్ళొచ్చు. పాస్‌వర్డ్ అడిగిన చోట మన ఈమెయిల్ చిరునామా ఇవ్వడం ఆనవాయితీ. ఎవరూ తనిఖీ చేయరు. మేం ఏవో నాలుగు అక్షరాలు కొట్టి లోపలికి పోయేవాళ్ళం. మేడం మాత్రం ప్రతిసారీ తన చిరునామా పూర్తిగా టైపు చేసేవారు. "ముక్కూ మొహం తెలియని వాళ్ళింటికి వెళ్ళి మంచినీళ్ళు అడిగేటప్పుడు ఫలానా అని చెప్పుకోమూ?" అనేవారు. లోపల సర్వర్ వాళ్ళ సూచనలతో రీడ్‌మీ అనే ఫైలుంటే ముందు అది చదవాల్సిందే. పనయ్యాక తెర మీది కిటికీ మూసేసి లేచిపోతే ఊరుకునేవారు కాదు. బయటికి రావడానికి 'బై' అనే ఆదేశం ఉంది కదా, అది కొట్టి రావాలి. ఆవిడ హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ పల్లీపట్టీ ఉండేది. ఎవరి ప్రోగ్రాం పనిచేయకపోతే వాళ్ళకి ఒక ముక్క. పనిచేసిన వాళ్ళకి ఏమీ లేదు.

ఉద్యమం ముదిరింది. క్లాసుల కంటే ధర్నాలే ఎక్కువ. ఆంధ్రా లెక్చరర్ల పాఠాలు వినొద్దని కొందరు విద్యార్థులు అనడం మొదలుపెట్టారు. ఒకరోజు మేడం పాఠం మొదలుపెట్టబోతుంటే యాదగిరి లేచి నిలబడ్డాడు. అతను ఊరేగింపుల్లో ముందుండేవాడు, గొంతు అప్పటికే బొంగురుపోయి ఉంది.

"మేడం, ఒక్క మాట అడుగుత. మీరు ఎటు?"

మేడం సుద్దముక్క కింద పెట్టారు.

"రాష్ట్రం విడిపోవడం నాకిష్టం లేదు యాదగిరీ. నీ దగ్గర అబద్ధమెందుకు? కానీ నీకెందుకు కావాలో చెప్పు, వింటాను."

వచ్చి మా బెంచీలో, నా పక్కన కూర్చున్నారు. యాదగిరి బోర్డు దగ్గరికి వెళ్ళి మాట్లాడాడు. కాలువ రాని పొలాల గురించి, ఉద్యోగం దొరకక దుబాయ్ పోయిన అన్న గురించి, తన యాస విని నవ్విన ఇంటర్వ్యూ బోర్డు గురించి. మధ్యలో ఒకసారి గొంతు పట్టేస్తే మేడం లేచి తన నీళ్ళ సీసా ఇచ్చి మళ్ళీ వచ్చి కూర్చున్నారు. గంట మోగాక, "నువ్వు చెప్పిన కొన్నిటికి నా దగ్గర జవాబుంది. కొన్నిటికి లేదు," అన్నారు. ఆ తర్వాత మా క్లాసులో ఆవిడ పాఠం ఆపమని ఎవరూ అనలేదు. ధర్నాకి పోయినవాళ్ళు కూడా సాయంత్రం వచ్చి నోట్స్ అడిగి తీసుకునేవాళ్ళు.

నా ప్రాజెక్టు బోర్ల గురించి. మా బాపు వేసిన బోర్లు ఒకటి తర్వాత ఒకటి ఎండిపోయాయి. వానలూ నేలలో తేమా లెక్కగట్టి, ఏ ఏడు ఎక్కడ నీళ్ళు అడుగంటుతాయో ముందే అంచనా వేసే ప్రోగ్రాం రాయాలని నా ఆశ. దానికి కావాల్సిన ఉపగ్రహ సమాచారం ఒక విదేశీ విశ్వవిద్యాలయం సర్వర్‌లో ఉంది. చాలా పెద్ద ఫైలు. నెలాఖరుకి ఆ సర్వర్ మూసేస్తున్నామని రీడ్‌మీలో రాసి ఉంది. సరిగ్గా అప్పుడే క్యాంపస్ మూశారు. ల్యాబ్‌కి తాళం పడింది, హాస్టల్ ఖాళీ చేయమన్నారు. అమ్మ ఫోన్ చేసి, "సదువు సాగుతలేదు గదా బిడ్డా, ఇంటికి రా. ఊర్ల ప్రైవేటు బడిల టీచర్ కావాలంటుండ్రు," అంది. ఒకసారి వెళితే మళ్ళీ తిరిగి రానని నాకు తెలుసు.

మేడంకి ఫోన్ చేశాను. "మా ఇంట్లో లైనక్స్ మెషీన్ ఉంది. బట్టలు సర్దుకుని వచ్చెయ్," అన్నారు.

హాస్టల్ నుంచి తార్నాకకి నడిచే వెళ్ళాను. దారిలో టియర్ గ్యాస్ పేలింది. మేడం గేటు తీసేసరికి నాకు కళ్ళు కనిపించడం లేదు. "నలపకు, నలపకు," అంటూ పంపు దగ్గర కూర్చోబెట్టి, నా తల ఒళ్ళో పెట్టుకుని, చెంబుతో కళ్ళల్లో నీళ్ళు పోశారు. ఆవిడ చీర సగం తడిసిపోయింది.

ఇంట్లో సార్, అంటే మేడం భర్త, నన్ను చూసి పలకరించకుండా లోపలికి వెళ్ళిపోయారు. బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. బౌద్ధనగర్‌లో ఉండే ఆయన తమ్ముడు ఆ వారమే ఇల్లు అమ్మేసి గుంటూరు వెళ్ళిపోతానన్నాడట. వంటింట్లోంచి మాటలు వినిపించాయి.

"ఊరంతా మనల్ని పొమ్మంటుంటే నువ్వు ఇంట్లో పెట్టుకుని అన్నం పెడతానంటావు."

"ఈ పిల్ల పొమ్మనలేదండీ. ఫైలు కావాలంది."

నేను సంచి తీసుకుని లేచాను. మేడం బయటికి వచ్చి చూశారు. "కూర్చో. ఆయన కోపం ఆయనది, నీ పని నీది. లాగిన్ అవ్వు."

ఆ పెద్ద ఫైలు కోసం డబ్ల్యూగెట్ అనే ఆదేశం వాడాం. దానికి చివర 'సి' అని తగిలిస్తే, లైను తెగిపోయినా మళ్ళీ మొదటికి పోకుండా ఆగిన చోటి నుంచి తెచ్చుకుంటుంది. అది కావాల్సి వచ్చింది కూడా. కరెంటు పోయేది, లైను పోయేది. నేను గోళ్ళు కొరుక్కుంటూ కూర్చునేదాన్ని. మేడం చిక్కుళ్ళు వలుస్తూ తెర వైపు ఒక చూపు వేసేవారు. కొన్నాళ్ళకి సార్ కూడా గుమ్మంలో నిలబడి చూడసాగారు. "అమ్మాయ్, కరెంటొచ్చింది. నీది మొదలుపెట్టుకో," అనేవారు. ఒకరోజు మేడం, నేనూ కూరగాయలు తెచ్చుకుని వచ్చేసరికి ఆయన మెషీన్ ముందు బెదురుగా కూర్చుని ఉన్నారు.

"మళ్ళీ ఆగింది. పై బాణం నొక్కితే నీ పాత ఆదేశమే వచ్చింది, ఎంటర్ కొట్టాను. తప్పా?"

"తప్పు కాదు సార్," అన్నాను. ఆయన నాతో నవ్వింది అప్పుడే.

ఫైలు మొత్తం వచ్చింది. కానీ మేడం సంబరపడనివ్వలేదు. ఫైలు చెడకుండా వచ్చిందో లేదో చూసేందుకు సర్వర్ వాళ్ళు చెక్‌సమ్ అని ఒక పొడుగాటి సంకేతం ఇస్తారు. మన ఫైలు నుంచి లెక్కగట్టిన సంకేతం దానితో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. మాది కలవలేదు. మేడం సర్వర్‌లో ఫైలు పక్కనున్న తేదీ చూసి నిట్టూర్చారు.

"మనం సగం తెచ్చుకున్నాక వాళ్ళు ఫైలు మార్చారమ్మా. పాత సగానికి కొత్త సగం అతుక్కుంది."

మళ్ళీ మొదటి నుంచి తెచ్చుకునేంత గడువు లేదు. నేను కీబోర్డు మీద తల పెట్టి ఏడ్చాను. మేడం ఓదార్చలేదు. "అయ్యాక చెప్పు, వాళ్ళకి మెయిల్ రాద్దాం," అని పక్కన కూర్చున్నారు.

ఇంగ్లీషులో ఆవిడే టైపు చేశారు. మా పరిస్థితి వివరించే చోట, నగరంలో గొడవల వల్ల పని ఆగుతోందని రాశారు. నేను కళ్ళు తుడుచుకుని చదివాను. చెప్పాలా వద్దా అని తటపటాయించాను.

"మేడం, గొడవలు కాదు. ఉద్యమం."

ఆవిడ నా వైపు చూశారు. వెనక కుర్చీలో సార్ పేపరు మడిచారు. మేడం ఆ మాట చెరిపేసి 'మూవ్‌మెంట్' అని రాశారు. "సరేనా?" అని అడిగి పంపించారు.

మర్నాటికే జవాబొచ్చింది. ఆ సర్వర్ చూసుకునే ఆయన రాశాడు. మేడం ఈమెయిల్ చిరునామాని ఏళ్ళుగా తమ రికార్డుల్లో చూస్తున్నానని, ఇంత ఓపికగా అసలు చిరునామా ఇచ్చేదెవరా అని అనుకునేవాణ్ణని. ఫైలుని చిన్న చిన్న ముక్కలు చేసి పెట్టాడు. మేము తీసుకునేదాకా సర్వర్ మూయనన్నాడు.

ముక్కలన్నీ వచ్చాక కలిపి, చెక్‌సమ్ సరిచూశాం. సార్ కళ్ళజోడు పెట్టుకుని తెర మీది అక్షరాలు ఒక్కొక్కటే పైకి చదివారు. నేను కాగితం మీద వేలు పెట్టి చూసుకుంటూ పోయాను. ఆఖరి అక్షరం కలవగానే ఆయన క్యాష్ కౌంటర్లో ఉన్నట్టే, "టాలీ!" అని అరిచారు. మేడం పకపకా నవ్వారు. ఆ పూట ఆవిడ చేసిన ఉలవచారు రుచి చెప్పమంటే ఇప్పుడు కూడా చెప్పగలను.

ప్రాజెక్టు పూర్తయింది. అమ్మ మళ్ళీ బడి ఉద్యోగం మాట ఎత్తలేదు. ఈ రోజు నేను పిల్లలకి పాఠం చెబుతున్నానంటే ఆ ఇంట్లో గడిపిన రోజుల వల్లే.

రాష్ట్రం ఖాయమైన రోజు క్యాంపస్ అంతా గులాల్ రంగే. యాదగిరి, నేను మిఠాయి డబ్బాతో మేడం ఇంటికి వెళ్ళాం. గేటు దగ్గర అతను ఆగిపోయాడు. "ఏమనుకుంటదో మేడం," అన్నాడు. ఆవిడే బయటికొచ్చారు. గులాల్‌తో ఎర్రబడ్డ అతని మొహం చూసి, డబ్బాలోంచి ఒక ముక్క తీసుకుని తిన్నారు.

"నాకు బాధగానే ఉంది యాదగిరీ. నిన్ను చూస్తుంటే సంతోషంగానూ ఉంది. రెండూ నిజమే."

"మీరు యాడికీ పోరు గదా మేడం?"

"ఎక్కడికి పోతాం? ఇల్లు ఇక్కడుంటే."

అన్నట్టే ఎక్కడికీ వెళ్ళలేదు. రిటైరయ్యాక కూడా పిల్లలెవరైనా అడిగితే ఇంట్లోనే పాఠం చెప్పేవారు. మంగళవారం ఆ ఇంటి ముందు నిలబడ్డ వాళ్ళలో ఎన్ని జిల్లాల యాసలో. అంత్యక్రియల నుంచి తిరిగి వచ్చాక యాదగిరి సార్ పక్కన నేల మీద కూర్చుని, బతిమాలి ఆయన చేత కాస్త మజ్జిగ తాగించాడు.

రెండు నెలల కింద నేను ఆవిణ్ణి చివరిసారి చూశాను. పని మీద హైదరాబాద్ వచ్చి, చెప్పకుండా వెళ్ళాను. బీరకాయలు చెక్కు తీస్తూ మా కాలేజీ సంగతులన్నీ అడిగారు. బస్సుకి వేళవుతోందని నేను లేస్తే, వద్దన్నా వినకుండా గేటు దాకా వచ్చారు. సన్నగా తుంపర పడుతోంది. సందు చివర వెనక్కి తిరిగి చూశాను. ఇంకా అక్కడే నిలబడి ఉన్నారు. కొంగు నెత్తిన కప్పుకుని, చేతిలో సగం చెక్కు తీసిన బీరకాయ అలాగే పట్టుకుని, దాంతోనే నా వెనక వస్తున్న ఆటోని చూపిస్తూ పక్కకి జరగమంటున్నారు.