పెద్దమ్మ చేతులకు ఏమైందంటే

మొన్న గడ్చిరోలి నుంచి మా చెల్లెలి కూతురు తన రక్తపరీక్ష రిపోర్టు ఫోన్లో పంపింది. కీళ్లవాతమట, అదీ ఒంటి రక్షణ వ్యవస్థ ఒంటినే శత్రువనుకునే రకమట. మాత్రలు తిండికి ముందా, తర్వాతా అని మాత్రమే అడిగింది. చెప్పి ఫోన్ పెట్టేశాక మా పెద్దమ్మ చేతులే కళ్ల ముందు నిలిచాయి.

మా ఊరు సిరొంచలో వరి కలుపు తీయడానికి మా పెద్దమ్మ పెట్టింది పేరు. చిన్నప్పుడు నేనూ వెంటబడి పొలంలో దిగి, ఊదగడ్డి అనుకుని వరినే పీకుతుంటే, నవ్వుతూ తెచ్చి గట్టు మీద కూర్చోబెట్టేది. అటువంటి మనిషికి నలభై దాటకుండానే వేళ్లు వంకర్లు పోయాయి. ఏ పాపం చేసిందో అని చుట్టాలన్నారు, ఆమె అది నమ్మేసింది. పెళ్లింట పసుపు దంచడానికి ఆడవాళ్లందరూ రోకలికి చెయ్యి వేసే సందడి మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది. మా అన్న పెళ్లిలో ఆమె మాత్రం చేతులు కొంగులో దాచుకుని గోడవారగా కూర్చుంది. అది చూసి నాకు ఏడుపొచ్చింది.

తర్వాత నేను హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో చేరాను. అక్కడి మాస్ స్పెక్ట్రోమీటర్, ప్రోటీన్‌ను తుంచి ఇస్తే ఒక్కో తునకనూ తూచే తక్కెడ లాంటిది, కాకపోతే ఆ తునకలు కంటికి ఆనవు. మేం చూస్తున్నది ఇదే జబ్బు. పెద్దమ్మ మోకాలు వాచి డాక్టరు నీరు తీసినప్పుడు, ఆమెను అడిగి కొంచెం పరీక్షకు తెప్పించుకున్నాను. ఒక తునక ఉండాల్సినదానికన్నా దాదాపు ఒక హైడ్రోజన్ పరమాణువంత ఎక్కువ తూగింది. ఆ కాస్త మార్పుకే ప్రోటీన్ మడత సడలవచ్చు, ఒంటి కాపలావాళ్లు దాన్ని పరాయిదనుకుని మీద పడవచ్చు. ఆమెకే ఎందుకన్నది మాకూ తెలియదు, అయినా ఆ రోజు ఆకలి కూడా గుర్తురాలేదు నాకు.

సెలవులకు వెళ్లినప్పుడు, కలుపు తీసేవాళ్లు వరిని ఊద అనుకుని పీకినట్టే ఇదీ అని ఆమెకు చెప్పాను. చాలాసేపు తన వేళ్లను అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"గట్లయితే నేను జేసిన పాపమేం లేదన్నట్టే గదా, బిడ్డా?"

లేదన్నాను. మందులకు అప్పటికే ఆలస్యమైంది, వేళ్లు మళ్లీ తిన్నగా కాలేదు. కానీ ఆ ఏడు మా చెల్లెలి పెళ్లిలో రోకలి మీద పడిన మొదటి చెయ్యి ఆమెదే.

ఇప్పుడు జబ్బు తొలిరోజుల్లోనే తెలుస్తోంది, మందూ దొరుకుతోంది, పాపమనే మాట ఎవరూ ఎత్తడం లేదు. నాకెంత సంతోషమో చెప్పలేను. అయినా, ఇది ఎందుకొచ్చింది పెద్దమ్మా అని ఆ పిల్ల నన్ను ఒక్కసారైనా అడుగుతుందేమోనని, రెండు రోజులుగా ఫోన్ పక్కనే పెట్టుకుని కూర్చుంటున్నాను.