కొండ దారిలో పితికిపప్పు

నా చిన్నప్పుడు, మొబైళ్ళు ఇంకా మా ఊళ్ళకు రాని రోజుల్లో, తళి చుట్టుపక్కల పల్లెలవాళ్ళు కలిసి ఒక బస్సు మాట్లాడుకొని బద్రీనాథ్ యాత్రకు బయలుదేరారు. మా నాయన, మా అవ్వ, నేను ఆ బస్సులో ఉన్నాం. వంటమనిషి, గ్యాసు పొయ్యి, బియ్యం మూటలు అన్నీ వెంట వచ్చాయి. వాటికి తోడు అవ్వ పితికిపప్పు చేయడానికి ఒక సంచి నిండా ఎండు అనపగింజలు తెచ్చింది. "అవ్వా, ఆడ దేవునికి కూడా పితికిపప్పేనా?" అని బస్సులోవాళ్ళు దారి పొడుగునా ఆటపట్టించారు. "తిన్నాక చెప్పప్పా," అనేది అవ్వ.

గుడి ఇంకా కొంత దూరం ఉందనగా వానకు కొండ విరిగి బస్సు ముందర రోడ్డు మీద పడింది. డ్రైవరు బస్సు వెనక్కి తిప్పాడు. కాసేపటికి వెనక దారి కూడా మూసుకుపోయింది. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. అద్దాలు మూస్తే ఊపిరాడదు, తెరిస్తే వాన. పెద్దవాళ్ళు మా ముందు మామూలుగా మాట్లాడాలని పడే పాట్లు చూసి నాకు భయం ఎక్కువైంది. ఆ సాయంత్రం అవ్వ మాత్రం వంటమనిషి దగ్గర పెద్ద గిన్నె తీసుకొని, సంచిలో గింజలన్నీ నానబోసింది.

తెల్లవారేసరికి మగవాళ్ళు ఒక మాట అనుకున్నారు. విరిగిపడిన మట్టి మీదుగా ఎక్కి దాటితే అవతల ఏదో ఒక ఊరు ఉంటుంది. నడవగలిగినవాళ్ళు పోవాలి, ముసలివాళ్ళు బస్సులో ఉండాలి. నన్ను వీపున కట్టుకోవడానికి నాయన తుండుగుడ్డ తీశాడు. అవ్వకు మోకాళ్ళు వంగవు. నేను అవ్వ కొంగు వదల్లేదు.

"పాపను దాటించి, మనుషుల్ని పిల్చుకొనొస్తానమ్మా," అన్నాడు నాయన, అవ్వ మొహం చూడకుండా.

"పోప్పా, నేను వద్దంటినా? గింజలు నానిపోయినాయి. ఇట్లే వదిలితే పులిసిపోతాయి. నేనొక్కదాన్నే ఎన్నని పితకల్ల? ఇవి ముగించి పోండి."

మా వైపు నానిన గింజలను వదిలేసి ఎవరూ లేచిపోరు. గిన్నె చుట్టూ ఇంటిల్లిపాదీ కూర్చుని, ఒక్కో గింజనూ వేళ్ళ మధ్య నొక్కి, తొక్కలోంచి పప్పును బయటికి తీయాల్సిందే. నాయన విసుక్కుంటూనే కూర్చున్నాడు. ఆయన్ని చూసి తక్కినవాళ్ళూ సీట్ల మధ్య చేరారు. నా వేళ్ళలోంచి జారిన పప్పొకటి ఎగిరి డ్రైవరు బట్టతలకు తగిలింది. "కొండ చాలదని మీరు కూడా కొడతారామ్మా?" అన్నాడాయన. ముందు రోజు నుంచి బస్సులో మొదటిసారి నవ్వు వినిపించింది. ఆ తర్వాత అందరికీ మాటలు వచ్చాయి.

గిన్నె సగమైందో లేదో, బయట పెద్ద చప్పుడు. వీళ్ళు ఎక్కుదామనుకున్న మట్టి మొత్తం లోయలోకి జారిపోయింది. నాయన చేతిలో గింజ అట్లాగే ఉండిపోయింది. కాసేపటికి తుండుగుడ్డ మడిచి సంచిలో పెట్టి, జరిగి అవ్వ పక్కన కూర్చుని మళ్ళీ పితకడం మొదలుపెట్టాడు. ఆ మధ్యాహ్నం అందరం పితికిపప్పు చారుతో అన్నం తిన్నాం. ఆటపట్టించినవాళ్ళు రెండోసారి అడిగి వేయించుకున్నారు. మర్నాడు బుల్డోజర్లు వచ్చి దారి తీశాయి.

ఊరు చేరాక అవ్వను అడిగాను, కొండ జారుతుందని నీకు ముందే తెలుసా అని.

"కొండ సంగతి నాకేం తెలుసమ్మా? తొక్కతో ఉడకబెట్టినా తినుండొచ్చు. మీ నాయన భయంతో లేచినాడు. ఆ భయం తీరినాక పోతే పోనీ అనుకొంటి."

దారి మూసుకుపోయిన రోజులు నా జీవితంలోనూ కొన్ని వచ్చాయి. అప్పుడు వెంటనే లేచి ఎటూ పరుగెత్తను. ముందు అనపగింజలు నానబోస్తాను. ఇంట్లోవాళ్ళు ఆ గిన్నె చూసి ఏమైందని అడగరు. చేతులు కడుక్కొని వచ్చి నా పక్కన కూర్చుంటారు.