పేరు పడని నంబర్

2022 వానాకాలం. హైదరాబాద్ అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు దగ్గరి సందులో నాది సెల్‌ఫోన్ రిపేరు దుకాణం. దుకాణమంటే పెద్దగా ఊహించుకోకండి, నేనూ నా కుర్చీ పడితే గాలికి చోటుండదు. చుట్టుపక్కల వాళ్లంతా టచ్ ఫోన్లు బాగుచేస్తారు. బటన్ల ఫోన్ పట్టుకొస్తే "పడేసి కొత్తది కొనుక్కోండి" అని పంపేస్తారు. అలా పంపినవాళ్లు తిరిగి తిరిగి నా దగ్గరికి వస్తారు. నన్ను ముసలి ఫోన్ల డాక్టరని ఎగతాళి చేస్తారు, చేసుకోనీ.

ఒక మధ్యాహ్నం శంకరయ్య గారని ఒక పెద్దాయన వచ్చారు. గన్‌ఫౌండ్రీలో ఏదో ఆఫీసులో క్లర్కుగా చేసి రిటైరయిన మనిషి. ఇస్త్రీ చొక్కాయే, కానీ గుండీలు ఒకదానికొకటి తప్పి పెట్టుకున్నారు. రుమాలులో చుట్టిన బటన్ల ఫోన్ తీసి బల్ల మీద పెట్టారు. డిస్‌ప్లే, అంటే అక్షరాలు కనిపించే అద్దం, పగిలి నల్లబడిపోయింది.

"మా ఇంటామెది తమ్మీ, సరోజది. నిన్న పొద్దుగాల వంటింట్ల పడిపోయింది. చేతుల ఉన్న ఫోన్ గిట్లయింది. నాంపల్లి దిక్కు దవాఖానల పెట్టినం. పెరాలిసిస్ అన్నరు. మాట పడిపోయింది," అన్నారు.

ఇలాంటప్పుడు ఫోన్ సంగతి ఎందుకని అడిగాను.

"దగ్గరోళ్లుంటే పిలిపించుకోమన్నడు డాక్టరు. సరోజకు ఒక్కతే అక్క, విమల. నిజామాబాద్ల కొడుకు దగ్గర ఉంటుందట. ఇల్లు ఏడనో నాకు తెల్వదు, నంబర్ లేదు. చుట్టాల నంబర్లన్నీ సరోజ ఫోన్లనే ఉంటయి. సిమ్ము తీసి నా ఫోన్ల ఏసి చూసిన. ఒక్క పేరు రాలే."

చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. పాత ఫోన్లలో పేర్లు రెండు చోట్ల ఉండొచ్చు. ఒకటి సిమ్ మెమరీ, సిమ్ముతో పాటు వస్తుంది. రెండోది ఫోన్ మెమరీ, ఆ ఫోన్‌లోనే ఉండిపోతుంది, సిమ్ము మారిస్తే వెంట రాదు. సరోజమ్మ నంబర్లన్నీ ఫోన్ మెమరీలోనే ఉన్నాయి. నా డబ్బాలో అదే మోడల్ ఫోన్ ఒకటి పడి ఉంది. దాని డిస్‌ప్లే తీసి దీనికి వేయడం మొదలుపెట్టాను.

నేను స్క్రూలు విప్పుతుంటే ఆయన తనంతట తానే చెప్పారు. "అక్కచెల్లెండ్లకు మూడేండ్లసంది మాటల్లేవు. విమల బిడ్డ పెండ్లికి ఇంటికొచ్చి బొట్టు పెట్టలే. పనుల్ల పడి ఫోన్ల చెప్పింది. సొంత చెల్లెను ఫోన్ల పిలుస్తరా అని ఈమె పోలే. నన్ను గూడ పోనియ్యలే."

మన దగ్గర పిలుపంటే ఏమిటో అందరికీ తెలుసు. పరాయివాళ్లకు కార్డు ఇచ్చినా సరిపోతుంది. సొంతవాళ్లకు మాత్రం గడపదాకా వచ్చి బొట్టు పెట్టాల్సిందే. చెల్లెలు ఏమీ అనుకోదులే అనుకుంది అక్క. కానీ చెల్లెలు అనుకుంది.

ఫోన్ వెలిగింది. కాంటాక్ట్స్ తెరిస్తే అక్కలే అక్కలు. కూరగాయల అక్క, టైలర్ అక్క, పై ఇంటి అక్క. మన ఆడవాళ్ల ఫోన్లలో మనుషులకు పేర్లుండవు, వరసలే ఉంటాయి. అందరికన్నా పైన వెనకాముందూ ఏమీ లేకుండా "అక్క" అని ఒక్కటుంది.

"గదే తమ్మీ. సొంత అక్కను ఒట్టి అక్క అనే రాసుకుంటది," అన్నారాయన.

సరోజమ్మ సిమ్ము వేసి, ఆ ఫోన్ నుంచే కలిపి స్పీకర్ పెట్టాను. అవతల ఎవరో మగమనిషి ఎత్తాడు.

"అమ్మా, ఈపారన్న మాట్లాడుతవా?"

ఇద్దరం ముఖముఖాలు చూసుకున్నాం. ఎవరని అడిగితే ఉస్మాన్‌గంజ్‌లో హమాలీ పని చేస్తానన్నాడు. "ఈ సిమ్ము తీసుకొని రెండేండ్లాయె అన్నా. పండుగకో పబ్బానికో ఈ నంబర్ నుంచి ఫోనొస్తది. నేను హలో అంటే పెట్టేస్తరు. ఒకపారి దగ్గు ఇనబడ్డది, ఎవరో అమ్మ అనుకున్న. అంతా మంచిదేనా?"

సిమ్ము కొన్నాళ్లు వాడకపోతే కంపెనీ ఆ నంబర్‌ను ఇంకొకరికి ఇచ్చేస్తుంది. విమలమ్మ నంబర్ అలాగే ఇతని చేతికి వచ్చింది. శంకరయ్య గారు స్టూలు మీద కూర్చున్నారు.

"మొగ గొంతు ఇని మా సడ్డకుడు, విమల మొగడు, ఎత్తిండనుకొని ఉంటది. అక్క కావాల్ననే ఆయనకు ఇస్తుందనుకున్నదేమో. ఫోన్ జేస్తున్నట్టు నాతోటి గూడ అనలే తమ్మీ."

నేను కాల్ లాగ్ తెరిచాను. వచ్చిన, పోయిన కాల్స్ వరుసగా ఉండే చోటు అది. ఎత్తని కాల్స్‌లో ఒకే నంబర్ మళ్లీ మళ్లీ ఉంది. పేరు లేదు. చివరిది వారం కింద వచ్చింది.

"అవి ఫ్రాడ్ కాల్స్ కావచ్చు," అన్నారాయన. "ఎవడో ఒకపారి బ్యాంకోణ్ణని ఓటీపీ అడిగిండు. గప్పుడు నేనే చెప్పిన, పేరు పడకపోతే ఎత్తకు అని."

ఆ నంబర్‌కు కలిపాను. ఒక్క రింగుకే ఎత్తారు.

"సరోజా," అంది అవతల ఆడ గొంతు. "ఇప్పటికి యాదికొచ్చిన్నానే నీకు?"

ఆయన ఫోన్ నా చేతిలోంచి తీసుకుని, స్పీకర్‌లో ఉందన్న సంగతి మరిచి చెవికి ఆనించుకున్నారు. "వదినా, నేను శంకరయ్యను," అన్నారు. ఆ తర్వాతి మాటలు వినలేక నేను బయటికి వెళ్లి నిలబడ్డాను.

విమలమ్మ తెల్లవారేసరికి దవాఖానకు వచ్చిందట. చెల్లెలు గుర్తుపట్టింది, చెయ్యి పట్టుకుని వదల్లేదు. కానీ మూడేళ్లుగా మనసులో పెట్టుకున్న మాటల్లో ఒక్కటీ చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. పది రోజుల తర్వాత సరోజమ్మ పోయింది.

కార్యాలన్నీ అయ్యాక శంకరయ్య గారు వదినను వెంటబెట్టుకుని వచ్చారు, సరోజమ్మ ఫోన్‌లోని నంబర్లు తన ఫోన్‌లోకి ఎక్కించుకోవడానికి. విమలమ్మ నా బల్ల ముందు నిలబడి, తన ఫోన్ చూపిస్తూ అడిగింది.

"నా ఫోన్ రైల్ల పోతే కొత్త నంబర్ తీసుకున్న. దీంట్ల సరోజ పేరుండె, దాని నంబర్ నాకు నోటికొచ్చు. నేను జేస్తే దానికి నా పేరు పడుతుందనే అనుకున్న. అక్క అని చూసి గూడ ఎత్తుతలేదని ఏడ్చిన. నా పేరు దాని ఫోన్ల పడాల్నంటే నేనేం జెయ్యాల్నుండె బాబూ?"

"అది మీ చేతుల ఉండదమ్మా. ఆమెనే సేవ్ చేసుకోవాలె."

"చేసుకోవాల్నంటే ఒకపారి ఎత్తాలె గదా," అందామె. "ఎత్తొద్దన్నది నేనే వదినా," అన్నారు శంకరయ్య గారు తల వంచుకుని. ఆమె ఆయన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఆయనకు కాస్త తేలికయ్యేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

పేరు పడకపోతే ఎత్తొద్దని నేనూ అందరికీ చెప్పేవాణ్ణి. ఆయన చెప్పిందాంట్లో తప్పేముంది, రోజులు అట్లాగే ఉన్నాయి. ఇప్పటికీ చెబుతున్నాను, కాకపోతే ఇంకో మాట కలుపుతున్నాను. ఒకే నంబర్ మళ్లీ మళ్లీ వస్తుంటే ఒక్కసారి ఎత్తండి, మీరేమీ మాట్లాడకండి, వినండి చాలు. మనం ఎత్తకపోతే మోసగాడు ఇంకొకరిని చూసుకుంటాడు. ఎత్తకపోయినా ఏళ్ల తరబడి చేస్తూనే ఉన్నారంటే, వాళ్లు మనవాళ్లే అయి ఉంటారు.