తోటలో బేస్ తగ్గిన ఏడాది

మొదటి ఏడాది నా పరువు నేనే తీసుకున్నాను. చిత్తూరు దగ్గర ఒక మామిడితోటలో, కాయకోతలు అయిపోయాక ఏదో మ్యూజిక్ పండగ చేస్తారట, బెంగళూరు నుంచీ మద్రాసు నుంచీ కుర్రకారు కార్లేసుకుని వస్తారట, బాక్సులు మనవే పెట్టాలట అని మా ఆయన చెప్పాడు. మాది మైక్‌సెట్ వ్యాపారం. పెళ్లిళ్లకు, జాతరలకు, చర్చి కూటాలకు, ఎలక్షన్ మీటింగులకు అన్నిటికీ పోయినవాళ్లమే. వైర్లు పరిచేదీ చుట్టేదీ నేను కాబట్టి ఇక్కడికీ వెళ్లాను. మ్యూజిక్ అంటే ఎవరో పాడతారు, ఎవరో వాయిస్తారు అనుకున్నాను. తీరా చూస్తే స్టేజీ మీద ఒకే ఒక్క మనిషి, ముందర ఒక బల్ల, దాని మీద బటన్లు. పాట మొదలైంది. మొదలైన చోటే ఉండిపోయింది. ఎంతసేపు చూసినా అదే ముక్క, మళ్లీ అదే ముక్క. మా సామాను చెడిపోయిందనుకుని జనాన్ని తోసుకుంటూ మిక్సర్ దగ్గరికి పరిగెత్తాను.

"యోవ్! పాట ఇరుక్కుపోయిండాది, తియ్యి! అందురూ మనల్ని తిడతారు!"

మా ఆయన వెనక్కి తిరిగి నవ్వాడు. "ఇరుక్కోలేదు మే. దీన్ని ట్రాన్స్ అంటారంట. ఇట్నే ఉంటాదంట."

పక్కనే ఉన్న భాయ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. భాయ్ మా ఆయనకు చిన్నప్పటి స్నేహితుడు, మైక్‌సెట్‌లో పొత్తుదారు. మా ఆయన మిక్సర్ ముందు నిలబడితే, భాయ్ జనం మధ్యలో నిలబడి ఎలా వినిపిస్తోందో చూస్తాడు. ఆ రోజు వాళ్లిద్దరి మీదా నాకు ఎంత మండిందంటే, ఇంటికి వచ్చేదాకా టెంపోలో ఇద్దరితోనూ మాట్లాడలేదు.

నేను ఏటా అనుకునేదాన్ని, ఇంతకంటే వింత ఇంకేముంటుందిలే అని. పండగ నా నోరు మూయిస్తూనే వచ్చింది. ట్రాన్స్ అలవాటైంది అనుకునేసరికి డబ్‌స్టెప్ అన్నారు. ఓయమ్మా, ఏం చెప్పను! పొక్లెయిన్ బండరాయిని ఎత్తలేక మూలిగినట్టు ఉండేది. దానికి కుర్రాళ్లు జుట్లు విరబోసుకుని ఊగిపోయేవాళ్లు. తోట ఆసామి వచ్చి, "ఈ అదురుకు నా చెట్ల ఏర్లు కదిలిపోతాయేమో మే, కొంచిం తగ్గించమని సెప్పు మీ ఆయప్పకు," అని నన్ను బతిమాలాడు. ఇంకో ఏడాది జాతరల్లో డప్పులు కొట్టే పలకలోళ్లను పిలిపించి, కంప్యూటర్ చప్పుడుతో కలిపి కొట్టించారు. నాకు నచ్చింది అదొక్కటే. గంగజాతర గుర్తొచ్చి, కూర్చున్న చోటే కాళ్లు ఆడాయి.

ఆ తర్వాత టెక్నో వచ్చింది. చాలా ఏళ్లు అదే రాజ్యం. మాట లేదు, రాగం లేదు, దబ్ దబ్ దబ్ దబ్, అంతే. నేను చెవుల్లో దూది పెట్టుకుని వైర్ల పెట్టె మీద కూర్చునేదాన్ని. మా ఆయనకు మాత్రం అవే మంచిరోజులు. ఒక అరచెయ్యి బాక్సు మీద ఆనించి, రెండో చేత్తో మిక్సర్ తిప్పేవాడు. ఆయన పెట్టిన బేస్ గుండెల్లో మోగేది కానీ చెవిని కొట్టేది కాదు. పండగ నడిపేది తిరుపతిలో పుట్టి బెంగళూరులో పెరిగిన అమ్మాయి. ఆ పిల్ల వచ్చి, "అంకుల్, ఇలాంటి బేస్ బెంగళూరులో కూడా లేదు, ఏటా మిక్సర్ దగ్గర మీరే ఉండాలి," అంటే ఈయన తల వంచుకుని మురిసిపోయాడు. ఆ మాట నేను మా వీధంతా చెప్పుకున్నాను.

ఆ ఏళ్లలోనే మా ఆయన స్వభావం కూడా మారింది. అంతకుముందు మాటకు మాట అనే మనిషి, మెల్లగా మెత్తబడ్డాడు. నేను ఏమన్నా "సరే మే" అనేవాడు. కూర బాగలేదా అంటే సరే మే. సిగ్గులేదా నీకు అన్నా సరే మే. మా ఆయన ఎదురు మాట్లాడడని మా అక్కచెల్లెళ్ల దగ్గర ఎంత గొప్పలు పోయానో! ఒక్కటే ఒళ్లు మండేది, వెనకనుంచి ఎన్నిసార్లు పిలిచినా పలికేవాడు కాదు. టీవీ పెడితే ఇల్లు ఎగిరిపోవాల్సిందే. బాక్సుల మధ్య బతికే మనిషి, చిన్న గొంతులు ఎక్కడ పట్టించుకుంటాడులే అని తిట్టి ఊరుకునేదాన్ని.

తర్వాత కరోనా వచ్చింది. పండగ ఆగిపోయింది, బాక్సుల మీద పట్టలు కప్పేశాం. ఆ లాక్‌డౌన్‌లోనే సూళ్లూరుపేట నుంచి మా తమ్ముడు ఫోన్ చేసి, అమ్మకు జ్వరం తగ్గలేదు, నిన్నే అడుగుతోంది అన్నాడు. ఆ మాట మా ఆయనకు ఎదురుగా నిలబడి చెప్పాను. ఆ సాయంత్రం కరెంటు పోయింది. మా ఆయన గడప మీద వీధివైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. నేను ఆయన వెనకాల చీకట్లో కూర్చుని, ఏడుపు దిగమింగుకుంటూ అడిగాను.

"యోవ్, టెంపోలో నన్ను మా యమ్మకాడికి తీసకపోతావా? కూరగాయల బండ్లను పోనిస్తా ఉండారంట. పోలీసోళ్లకు ఏదో ఒకటి సెప్పుకుందాం."

జవాబు లేదు. ఊఁ అనలేదు, ఉహూఁ అనలేదు, కనీసం తల తిప్పలేదు. చాలాసేపటికి కరెంటు వచ్చింది. అప్పుడు లేచి, నా మొహం వంక చూసి, "అన్నం తిందామా మే?" అన్నాడు.

ఒకసారి అడిగి లేదనిపించుకున్నాక రెండోసారి అడిగే రకం కాదు నేను. నోరు కుట్టేసుకున్నాను. రెండు రోజులకు మా అమ్మ పోయింది. కడసారి మొహం తమ్ముడు ఫోన్‌లో చూపించాడు. నా పక్కన కూర్చుని మా ఆయన కూడా ఏడ్చాడు. ఆ ఏడుపు చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చేసిందంతా చేసి ఇప్పుడు ఏడుస్తున్నాడు అనుకున్నాను. తర్వాత వండాను, వడ్డించాను, మాట్లాడాను, మామూలుగానే తిట్టాను. కానీ ఆ సాయంత్రాన్ని మాత్రం ఆయనకు మాఫీ చేయలేదు. చచ్చేదాకా చేయనని మా అమ్మ ఫొటో ముందు అనుకున్నాను.

పండగ మళ్లీ మొదలయ్యాక మొదట్లో పాత టెక్నోనే నడిచింది. అసలు దిమ్మ తిరిగింది పోయిన ఏడాది. ముందురోజే ఆ బెంగళూరు పిల్ల వచ్చి, "ఈసారి బేస్ బాక్సులు సగం చాలు ఆంటీ. ఆంబియెంట్ అని మెత్తటి మ్యూజిక్ ఎక్కువ పెడుతున్నాం. జనం అలసిపోయారు, ఇప్పుడు ఎగరడానికి కాదు, వినడానికి వస్తున్నారు," అంది. మర్నాడు చూద్దును కదా, చెట్ల కింద వరసగా చాపలు పరిచారు. చాపలు! నిన్నమొన్నటిదాకా దుమ్ము లేపిన కుర్రకారు, తలకింద బ్యాగులు పెట్టుకుని వెల్లకిలా పడుకున్నారు. స్టేజీ మీద వాన చినుకుల చప్పుడు, ఎక్కడో చిన్న గంట, నీళ్ల బిందె నిండుతున్న సద్దు. ఇదేం పండగరా దేవుడా అని నోరు తెరిచాను.

ఆ రోజు భాయ్ లేడు. కూతురి కాన్పని తిరుపతి ఆసుపత్రిలో ఉన్నాడు. మధ్యాహ్నం సాయంకాలపు ప్రోగ్రాంకు సౌండు సరిచూస్తున్నారు. పాడబోయే అమ్మాయి మైకు నోటికి ఆనించుకుని, గుసగుసలాంటి గొంతుతో ఒక రాగం ఎత్తుకుంది. అంతే, బాక్సుల్లోంచి కీచుమని కూత లేచింది. సూది పెట్టి చెవిలో తిప్పినట్టుంది. చాపల మీద పడుకున్నవాళ్లు లేచి చెవులు మూసుకున్నారు. ఎవరిదో చంటిబిడ్డ గుక్కపట్టింది. పాడే పిల్ల మైకు వదిలేసి వెనక్కి దూకింది.

మా ఆయన మాత్రం మిక్సర్ ముందు ప్రశాంతంగా నిలబడి ఉన్నాడు. అరచెయ్యి బాక్సు మీద ఉంది. పెదాల మీద చిన్న నవ్వు. ఆ కూతను తగ్గించాల్సింది పోయి, ఇంకాస్త పైకి తోస్తున్నాడు.

"యోవ్!" అని అరిచాను. తిరగలేదు. దగ్గరికి పరిగెత్తి, వెనకనుంచి గొంతు పగిలేలా, "యోవ్, సెవులు పోతా ఉండాయి, ఆపు!" అన్నాను. వెంట్రుక కూడా కదల్లేదు. నేనే చెయ్యి చాచి మాస్టర్ మీట కిందికి లాగేసి, ఆయన భుజం పట్టుకున్నాను. తిరిగి చూశాడు. నాకు నోరు పెగల్లేదు, పెదాలు మాత్రం వణికాయి. ఒక్క మాట అనలేదు నేను. ఆయన నా మూతి వంక చూసి, తల ఊపి అన్నాడు.

"సరే మే."

నేను ఏమన్నానని సరే? ఏం విన్నాడని సరే? అలాంటి సరేలు ఎన్నేళ్లుగా వింటున్నాను నేను?

ఫోను తీసి భాయ్‌కి కలిపాను. విషయం చెప్పాను.

"నీకు తెల్సుననుకుంటి వదినా," అన్నాడు. "ఇంట్లో ఉండేదానివి గదా."

"ఏం తెల్సు నాకు? నిజం సెప్పు భాయ్."

"అన్నకు టెక్నో ఏండ్ల కాడ్నించే సరిగా ఇనపడదు. సన్నగొంతులు అసలికే అందవు. ఆ దబ్ దబ్ ఒకటే అందేది, అదీ చేత్తో. అందుకే దాన్ని అంత బాగా పెడతా ఉన్న్యాడు. మిగిల్నవి నేను జనంలోంచి సైగ సేస్తా ఉంటి. సెవి పట్టుకుంటే సన్నగొంతు ఎక్కువైందని, పొట్ట మీద సెయ్యి పెడితే బేస్ అని, గొంతు పట్టుకుంటే పాడేవాళ్లది ఎత్తమని."

ఇంతలో ఆ బెంగళూరు పిల్ల పరిగెత్తుకొచ్చింది. మొహం ఎర్రగా ఉంది. "ఏమైంది ఆంటీ? అంకుల్‌కి ఒంట్లో బాగాలేదా? కావాలంటే ఈ పూటకు మా ఇంజనీర్‌ను నిలబెడతాను." మా ఆయన ఆ పిల్ల మూతి వంకా నా మూతి వంకా మార్చి మార్చి చూస్తున్నాడు. ఆయన కళ్లల్లో అంత భయం నేనెప్పుడూ చూడలేదు. మిక్సర్ అంచును రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. చెవుడని ఇక్కడ బయటపడితే ఈ తోటే కాదు, చిత్తూరు చుట్టుపక్కల ఒక్క పెళ్లివాళ్లు కూడా మమ్మల్ని పిలవరు.

"వైరు లూజు పాపా," అన్నాను. "నేను సరిగా బిగించలేదు. ఇంక రాదు."

సాయంత్రం ఆ అమ్మాయి పాడినంతసేపూ నేను ఆయనకు ఎదురుగా, చాపల మధ్యలో నిలబడ్డాను. చెవి పట్టుకున్నాను, పొట్ట పట్టుకున్నాను, గొంతు పట్టుకున్నాను. నా చుట్టూ పడుకున్నవాళ్లు నాకు పిచ్చి అనుకుని ఉంటారు. అనుకోనీ. ఆయన కళ్లు నా మీదనుంచి కదల్లేదు, వేళ్లు నేను చెప్పినట్టల్లా కదిలాయి. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నా మాట నిజంగా విన్నది ఆ సాయంత్రమే అనిపించింది. పాట చివర్లో గొంతు సన్నబడి సన్నబడి ఆగిపోయింది. తోటంతా ఊపిరి బిగబట్టి ఉంది. ఆ నిశ్శబ్దంలో మా ఆయన పెద్దగొంతుతో, "అయిపాయనా మే?" అన్నాడు. జనం గొల్లుమని నవ్వి, చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

మర్నాడు పొద్దున ఇంట్లో కాఫీ ఇచ్చి, ఆయన్ని కిటికీ వైపు, వెలుతురుకు ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను.

"ఎందుకు సెప్పలేదు నాకు?"

"సెవిటోడి మైక్‌సెట్‌ను ఎవురు పిలుస్తారు మే? నీకు తెలిస్తే ఆ కోపంలో వీదిలో నోరు జారతావని బయపడితి." తల దించుకున్నాడు. "నీ మొగం సూస్తే సగం అర్తమైపోతాది. మిగతా సగానికి సరే అంటా ఉంటి."

మొహం చూస్తే! నాకు ఒక్కసారిగా ఆ గడప, ఆ చీకటి గుర్తొచ్చాయి. ఆయన నాకు వీపు తిప్పి కూర్చున్న సంగతి గుర్తొచ్చింది. కాఫీ గ్లాసు కింద పెట్టేశాను.

"మా యమ్మకు బాగలేనప్పుడు, కరెంటు పోయిన సాయంత్రం, నేను నిన్ను ఒకటి అడిగితిని."

"ఏం అడిగినావు?"

చెప్పాను. ఒక్కొక్క మాటే, మెల్లగా, ఆయనకు కనబడేలా. టెంపోలో తీసకపోతావా అని. ఆయన అర్థం కానట్టు మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాను.

"అడిగినావా?" అన్నాడు. "నువ్వు అడగలేదనుకుంటినే మే. పోలీసోళ్లకు బయపడి ఊరుకున్నావేమో, నేనుగా అంటే ఇంకా ఏడస్తావేమో అనుకుంటి. నువ్వు అడగతావని డీజిల్ పోయించి పెట్టినా. ఆ రెండు దినాలూ టెంపో తాళం నా జోబీలోనే ఉండింది."

నేను గోడకు ఆనుకుని కింద కూర్చున్నాను. ఆయన వచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. ఇంకేమైనా అంటానేమోనని నా మూతి వంకే చూస్తున్నాడు.