ఒంటి దెబ్బ

అమ్మ పాడే నాట్ల పాటకు మా నాయన పలక దరువు కలిపి రికార్డు చేయాలనుకున్నాను. మా వైపు డప్పును పలక అంటారు. తిరుపతి నుంచి శాంప్లర్ తీసుకుని వడమాలపేట దగ్గరి మా ఊరికి వెళ్లాను. చిన్న పెట్టె అది. ఒక్కో బటన్‌లో ఒక్కో శబ్దాన్ని దాచుకుని, నొక్కినప్పుడల్లా వినిపిస్తుంది.

నాయన గడ్డిమంట మీద పలక కాచి సిద్ధమయ్యాడు.

"ఒక్క దెబ్బ కొట్టి ఆపు నాయనా, చాలు" అన్నాను.

ఆయన చేయి ఆగిపోయింది. "ఒంటి దెబ్బ కొట్టి ఆపితే ఊళ్లో ఎవరో పోయినారని అర్థం. అందరూ బతికుండే ఇంటి ముందర ఎట్ల కొట్టమంటావురా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. "అదంతా చాదస్తం" అన్నాను. ఆయన దరువు మొత్తం వాయించి, పలకను గోడకు తగిలించి లోపలికి పోయాడు. ఆ దరువులోంచే ఒక దెబ్బను కత్తిరించి బటన్‌లో పెట్టుకున్నాను. పాట బాగానే వచ్చింది.

ఈ ఏడు మామిడికాయలు కోసే రోజుల్లో నాయన పోయాడు. ఊళ్లో పలక పట్టేవాళ్లు ఇంకెవరూ లేరు.

"ఊరికి ఎట్ల చెప్పేదప్పా?" అన్నాడు పక్కింటాయన.

శాంప్లర్ తెచ్చి స్పీకరుకు తగిలించాను. ఒక్కసారి నొక్కి చేయి తీసేశాను.

వీధిలో ఒక్కొక్క తలుపే తెరుచుకుంది. ఎవరు పోయారని ఎవరూ అడగలేదు. ఆ దెబ్బ ఎవరిదో అందరికీ తెలుసు.