పడుగు మారేలోపు పీచ్ పాకం

పీచ్ పండు తొక్క తీయడం అందరికీ రాదు. కత్తి పెట్టారంటే సగం కండ తొక్కతోనే పోతుంది. మరిగే నీళ్లలో కాసేపు ముంచి, వెంటనే చన్నీళ్లలో వేస్తే తొక్క దానంతటదే జారి వస్తుంది. నాన్న కూనూరులో ఒక టీ ఎస్టేటు బంగళాలో తోటపని చేసేవాడు. ఆ బంగళా వంటమనిషి దగ్గర అమ్మ ఈ విద్య పట్టింది, అమ్మ దగ్గర నేను. అలా వలిచిన పండ్లను చక్కెరతో ఉడికించేవాళ్లం. నోటికి ముక్కలు తగలాలి కాబట్టి మేం దాన్ని జామ్ అనేవాళ్లం కాదు, పీచ్ పాకం అనేవాళ్లం.

డెబ్బైల చివర్లో నన్ను తిరుత్తణిలో ఒక నేత ఇంటికి ఇచ్చారు. ఇంట్లో మా ఆయన, అత్త, ఒక గుంట మగ్గం. కొండల చలిలో పెరిగినదాన్ని, మొదటి వేసవికే ఒళ్లంతా చెమటకాయలు. ఎండనైనా ఓర్చుకున్నాను గానీ, కూర్చున్న చోటినుంచి కదలనివ్వని ఆ పనిని ఓర్చుకోలేకపోయాను. ఆయన నేస్తుంటే పక్కన రాట్నం ముందు కూర్చుని నేను కండెలకు నూలు చుట్టాలి. కండె అందకపోతే మగ్గం ఆగుతుంది. మగ్గం ఆగితే అత్త గొంతు లేస్తుంది.

పుట్టింటికి వెళ్లడానికి ఒకటే సందు. ఒక పడుగు నేత అయిపోయాక, కొత్త పడుగును, అంటే నిలువు పోగుల వరసను, వీధి పొడుగునా చాచి, గంజి పట్టించి, ఆరబెట్టి, పోగు పోగూ అతికి మగ్గానికి ఎక్కించాలి. ఆ పనికి వీధివాళ్లు ఒకరికొకరు సాయం వస్తారు, కోడలు లేకపోయినా సాగిపోతుంది. ఆ నాలుగైదు రోజులే నావి.

మొదటి ఏడు పీచ్ పండ్ల కాలంలో దొరికిన సందులో కూనూరు వెళ్లి, అమ్మ పక్కన కూర్చుని పాకం చేసి, మూడు సీసాలు తెచ్చాను. అత్త ముందు వేలికొసతో నాకి చూసింది. తర్వాత గరిటె అడిగింది. దోసెలోకి పెట్టాను. ఓళిగల పూర్ణంలో బెల్లం తగ్గించి ఈ పాకం కలిపాను. పెనం మీద అంచులు ఎర్రబడి, ఆ పులుపూ తీపీ కలిసిన వాసన వీధిలోకి పోయింది. ఇరుగూ పొరుగూ గిన్నెలు పట్టుకుని వచ్చారు. నేను ఉబ్బిపోయాను. ఏం తెలుసు, నా తలుపుకి నేనే గడియ పెట్టుకుంటున్నానని!

మరుసటి ఏడు పండ్ల కాలంలో పడుగు దిగే రోజులు దగ్గర పడగానే అత్త అంది: “ఇంత చక్కగా చేసేదానివి, ఆడికి పొయ్యి చేసేదేంది? పండ్లు ఈడికే రానీ. నీకూ అలుపు తప్పతాది గదా.”

“అమ్మ చెప్పేది సరే గదా,” అన్నాడు మా ఆయన. నాన్నకు కబురు పోయింది. అయినా ఆశ చావక నేను సంచిలో చీరలు సర్దుకుంటున్న పొద్దున బుట్ట దిగింది. కొండ దిగి, రైల్లో ఒక రాత్రి మగ్గి వచ్చిన పండ్లు. తిరుత్తణి ఎండలో అవి పూటైనా ఆగవు. వలిచి, గింజ తీసి, అన్నీ చక్కెరలో ఊరబెట్టి, ఉన్న ఒక్క గిన్నెలో విడతకు ఒక రోజు చొప్పున సన్నని సెగ మీద కలియబెట్టాను. పళ్లెంలో వేసిన చుక్క జారకుండా నిలబడేదాకా పొయ్యి వదల్లేదు. సీసాలు చల్లారి మూతలు బిగించేసరికి కొత్త పడుగు మగ్గమెక్కి కూర్చుంది. సంచిలో చీరలు తీసి మళ్లీ పెట్టెలో పెట్టుకున్నాను. ఆ ఏడు పాకం నేను ఒక్క చెంచా కూడా ముట్టలేదు.

మూడో ఏడు నాన్నే వచ్చాడు, బుట్ట నెత్తిన పెట్టుకుని. “నిన్ను పిల్చుకోని పోదామని వస్తినమ్మా. అమ్మ కలవరిస్తా ఉండాది.” నాకు ప్రాణం లేచొచ్చింది.

“పంపించనంటినా అన్నా?” అంది అత్త. “పండు చూడు, అప్పుడే మెత్తబడి ఉండాది. పాకం చేసి పెట్టేసి రానీ.”

“అదీ నిజమే అక్కా. పండు పారేస్తే పాపం.” నాన్న నా పక్కన కూర్చుని తొక్కలు వలిచాడు. ఊరికే తిని కూర్చుంటే బాగుండదని, మరుసటి పొద్దున వీధిలోకి వెళ్లి పడుగు పనిలో చెయ్యి వేశాడు. మొక్కలకు పురికొసలు కట్టే చేతులు కదా, పోగులు తెగితే చకచకా ముడి వేశాడు. వీధివాళ్లు మెచ్చుకున్నారు. ఎప్పటికన్నా ఒకరోజు ముందే పడుగు మగ్గానికి ఎక్కింది. నా పొయ్యి మీద చివరి విడత పాకం ఇంకా ఉడుకుతూనే ఉంది. నాన్న మీద నాకు మొదటిసారి ఒళ్లు మండింది. మంచివాళ్ల మీద కోపం ఎటు చూపించాలో ఎవరూ నేర్పలేదు.

ఇక నన్ను పంపమని ఎవరూ అడగలేదు. నాన్న సెలవూ అయిపోయింది. అమ్మకోసం రెండు సీసాలు తువ్వాలులో చుట్టిచ్చాను. బస్సు దగ్గర నాన్న మొహం వెలిగిపోతోంది.

“నువ్వు లేకుంటే ఈ ఇంట్లో ఒక్క పొద్దు గడవదంట. అక్కే చెప్పె. ఎంత బాగా చూసుకుంటా ఉండారమ్మా నిన్ను! అమ్మతో చెప్తాను, సంతోషిస్తాది. వచ్చే ఏడు రెండు బుట్టలు తెస్తాలే.”

వద్దు నాన్నా, ఒక్క పండు కూడా తేకుండా ఉత్త చేతులతో రా అనే మాట గొంతు దాకా వచ్చింది. అది చెబితే మిగతాదంతా చెప్పాలి. అంత సంతోషంగా వెళ్తున్న మనిషి మూడు నాలుగు బళ్లు మారి, కొండెక్కి, ఆ మాట అమ్మకు మోసుకెళ్లాలి.

“సరే నాన్నా,” అన్నాను, “బాగా పండినవే తీసుకురా.”