లింబాద్రి ఫ్యామిలీ రూమ్

మా లింబాద్రి ఏ ఇంట్లో అడుగుపెట్టినా మొదట కప్పు చూస్తాడు. ఎదుటి మనిషి సలాం చెప్పి చెయ్యి చాపితే చాపనీ, ఈయన మెడ వెనక్కి వంచి మూలలన్నీ వెతుకుతాడు. గబ్బిలాల కోసం. ఒమన్‌కు వచ్చినవాళ్లు మంచి కంపెనీ వెతుక్కుంటారు. ఈయన గబ్బిలాలకు రూమ్ వెతుకుతాడు.

నిజ్వాలో పాత మట్టి ఇళ్లను బాగుచేసి టూరిస్టులకు బసలుగా మార్చే కంపెనీలో మేమిద్దరం మేస్త్రీలం. ఇద్దరిదీ జగిత్యాల దిక్కే, ఒకే రూమ్. అంటే ఈ గబ్బిలాల పురాణం డ్యూటీలోనూ నాకే, అన్నం ముందూ నాకే.

"ఓంకారూ, గీ అర్ర సూడు, ఎంత సల్లగుంది. మగయి గిసొంటి కాడ ఉంటయి."

"మరి ఆడయి?"

"కాన్పులప్పుడు వేడిగున్న మూల సూసుకొని అన్నీ ఒక్కకాడ జేరుతయి. పిల్లలకు ఎచ్చగుండాలె గద."

"అంటే మగవాటికి మనలెక్కనే బ్యాచిలర్ రూమ్."

"గంతే. వీసా బాధ లేదు, గదొక్కటే ఫరక్."

ఒకసారి నేను నున్నగా గిలాబు చేసిన కప్పును మెచ్చుకుంటాడని పిలిచి చూపించాను, బుద్ధి గడ్డి తిని. వేలితో గీకి పెదవి విరిచాడు. "గోరు ఆనది. ఏం పట్టుకొని ఏలాడాలె?"

హలీమా అనే ఆవిడ ఇంటి దగ్గర వ్యవహారం ముదిరింది. మర్నాడు ఆవిడ ఇల్లు చూడటానికి వస్తుంది. పై గది గోడలో, వెనక చీకటి అరలోకి పోయే ఒక్క కంత మూస్తే పని పూర్తి. లింబాద్రి మూయడు. మా సూపర్‌వైజర్ అఖీల్, కడప మనిషి, ఫోన్ చేశాడు.

"ఆ కంత ఇంగా మూయలేదంట గదప్పా?"

"లోపట ఫ్యామిలీలున్నయి అఖీల్ భాయ్. అన్నీ పిల్లతల్లులే."

కాగితాల్లేని ఆడవాళ్లను సైట్‌లో దాచాడనుకుని అఖీల్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి. పరుగున వచ్చి కంతలో తలపెట్టి, "అమ్మా, భార్ ఆవో, కుచ్ నై కర్తే" అని, ఏమీ చెయ్యం బయటికి రమ్మని బతిమాలాడు. లోపలినుంచి ఒక తల్లి ఆయన టోపీని రాసుకుంటూ ఎగిరిపోయింది. అఖీల్ అక్కడే కూలబడ్డాడు.

తేరుకున్నాక మండిపడ్డాడు. "రేపటికి మూయకపోతే నిన్ను ఇంటికి పంపిస్తా. నువ్వేమన్నా వాటికి మేనమామవా?"

"మూస్తె పిల్లలు లోపట్నే సస్తయి భాయ్. ఇంక ఎగురుడు రాలే." లింబాద్రి గొంతు తగ్గించాడు. "మా ఇంటామె సునీత బాలింతగున్నప్పుడు కిరాయింటాయన ఖాళీ చెయ్యమన్నడు. నేను ఈడ ఫోన్ పట్టుకొని ఏడ్సిన. పక్కింటి రాములవ్వ తన అర్ర ఇచ్చి నిలవెట్టింది. నేను ఎవలకన్న ఇయ్యొద్దా?"

ఇన్నేళ్లు నా చెవులు తినేసిన మనిషి ఈ ఒక్క ముక్క నాకెప్పుడూ చెప్పలేదు. ఆయన మీద నాకు కోపమూ ప్రేమా ఒకేసారి పొంగుకొచ్చాయి.

అఖీల్ టోపీ దులుపుకుని లేచాడు. హలీమాకు ఫోన్ చేసి, ఇంట్లో గబ్బిలాల బాలింతలున్నారని అరబీలో చెప్పాడు. ఆవిడ నవ్వు మాకూ వినిపించింది. వాళ్లు వెళ్లాకే వస్తానందట.

లింబాద్రి వాటికోసం పక్కనున్న పాడుబడ్డ ఇల్లు ఒకటి ఎంచుకున్నాడు. ఎండ తగిలే గోడవైపు మూల చూసి, ఖర్జూరపు దూలాలకు గోళ్లు ఆనేటట్టు గోనెపట్టాలు చుట్టాడు. పిల్లలకు రెక్కలు వచ్చాక ఒక సాయంత్రం అన్నీ మేతకు బయటికొచ్చాయి. లింబాద్రి కంత మూయడానికి మట్టి కలిపి తాపీ ఎత్తాడు.

అఖీల్ గబుక్కున చెయ్యి పట్టుకున్నాడు.

"రవ్వంత ఉండప్పా. ఒక చిన్నది ఇంగా లోపలే ఉండాది."